దూరపు దొడ్డికి నీళ్ళు

మంగళవారం ఉదయం ఆరున్నరకి ఎర్రావు నోట్లోంచి చొంగ కారడం మొదలైంది.

పాలు పితకడానికి కూర్చున్న పెద్దమ్మ ముందు దాన్ని పట్టించుకోలేదు. ఆవన్నాక చొంగ కారుస్తుంది. కానీ ఈ చొంగ తాడులా సాగి నేలదాకా వేలాడుతోంది, తెగడం లేదు. ఎర్రావు వెనక కాలు ఎత్తి విదిలించింది, దించింది, మళ్ళీ విదిలించింది. పాలు రోజూ వచ్చే వాటిలో సగం కూడా రాలేదు. ఆవిడ లేచి దాని దవడ పట్టుకుని నోరు తెరిచింది. నాలుక మీద పొక్కు చిట్లి తోలు వేలాడుతోంది. లోపలి నుంచి వచ్చిన వాసనకి మొహం పక్కకి తిప్పుకుంది. ముప్ఫై ఏళ్ళుగా పేడలో, ఈనిన ఆవు మాయలో, చీములో చేతులు పెట్టిన మనిషి. మొహం తిప్పుకోవడం ఆవిడకి అలవాటు లేదు.

ఆవిడని ఊరంతా పెద్దమ్మ అంటుంది. భర్తని పెద్దాయన అంటుంది. పశువుల్ని మేపుకుని బతికే ఊరు అది. ఒకటే వీధి, వీధి చివర పశువుల్ని తూచే షెడ్డు, చుట్టూ కంచెలు, కంచెల అవతల మళ్ళీ కంచెలు. ఏ గేటు ఎప్పుడు తెరవాలో, ఎవరి మంద ఎప్పుడు తొట్టి దగ్గరికి రావాలో చెప్పేది పెద్దాయన. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. ఆయన చెబితే ఊరు వింటుంది, అంతే.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి."

ఆయన టీ గ్లాసుతోనే వచ్చాడు. ఎర్రావు నోరు చూశాడు, గిట్టలు చూశాడు. పక్క ఆవుల నోళ్ళూ చూశాడు. కంచె మూల సంత నుంచి తెచ్చిన దూడలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. వాటి వైపు వెళ్ళలేదు.

"గాలికుంటు," అన్నాడు.

"ఆ దూడలు..."

"దూడల మాట ఎత్తకు." ఆఖరి గుక్క తాగి గ్లాసు విదిలించాడు. "శనివారం లాడాలవాడు వచ్చాడు కదా, గుర్రం కాళ్ళు చూడ్డానికి. అంతకు ముందు ఎక్కడెక్కడ తిరిగాడో. బూట్లకి అంటించుకుని వచ్చుంటాడు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో తడబాటు లేదు. పెద్దమ్మకి గుర్తుండిపోయింది అదే.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. సంతలో కొన్న పశువుని తిన్నగా మందలో కలపరు. ప్రతి ఇంటికీ ఊరి బయట ఒక దూరపు దొడ్డి ఉంటుంది. కొత్త పశువు మూడు వారాలు అక్కడే ఉండాలి. దానికి నీళ్ళూ మేతా ఇంట్లో ఒక్క మనిషే మోయాలి, వచ్చి బట్టలు మార్చుకోకుండా మంద దగ్గరికి పోకూడదు. ఇంతా చేసి జబ్బు బయటపడితే, పశువుల్ని అందరూ కట్టేసుకుంటారు. జబ్బు ఏ ఇంట్లో మొదలైందో ఆ ఇంటి మనుషులు కూడా గేటు దాటరు, పశువుల డాక్టరు తెరవమనేదాకా.

ఈ కట్టుబాటు పెట్టింది పెద్దాయనే. ఒక ఏడు ఊళ్ళో సగం దూడలు పోయాయి. అప్పుడు ఆయన ఇల్లిల్లూ తిరిగి ఒప్పించాడు. ఒప్పుకోనివాళ్ళ గేటు ముందు పొద్దున కూర్చుంటే పొద్దు గూకాకే లేచేవాడు. పెద్దమ్మకి పెళ్ళయి అప్పటికే చాలా ఏళ్ళయింది గానీ, భర్త మీద మనసు పడింది మాత్రం ఆ రోజుల్లోనే.

ఆ ఇంట్లో దూరపు దొడ్డికి నీళ్ళు మోసేది పెద్దమ్మ. ఈసారి మోయలేదు. మోయడానికి అక్కడ పశువు లేదు. గాలివానకి దొడ్డి కంచె పడిపోయింది, బాగు చేయించే ఓపిక పెద్దాయనకి లేకపోయింది. "కొండకి తోలే రోజులు దగ్గర పడ్డాయి. అక్కడ పడేస్తే చిక్కి శల్యమవుతాయి. నిగనిగలాడుతున్నాయి, వీటికేం రోగం?" అని దూడల్ని తెచ్చిన సాయంత్రమే, చీకటి పడ్డాక, మందలో వదిలేశాడు. కూతురు అప్పుడు ఊళ్ళో లేదు; తిరిగొచ్చి, మూడు వారాలూ ఉంచే కలిపారనుకుంది. పెద్దమ్మ అడిగింది. ఒక్కసారే అడిగింది.

లాడాలు కొట్టే అతన్ని ఊళ్ళో సుత్తి అంటారు. పేరు సుత్తే గానీ అతను నోరు విప్పి సుత్తి కొట్టగా విన్నవాళ్ళు లేరు. పెద్దాయన కూతురు పిట్టకి అతనితో పెళ్ళి. దీనికి ఒప్పుకోవడానికి పెద్దాయనకి ఏడాది పట్టింది.

"మంద లేనివాడు. ఒకళ్ళ గుర్రాల కాళ్ళు పట్టుకుని బతికేవాడు," అనేవాడు.

"గొంతు పట్టుకునేవాడికన్నా కాళ్ళు పట్టుకునేవాడు నయం కదా నాన్నా," అనేది పిట్ట.

పెళ్ళి నెలాఖరుకి అనుకున్నారు. ఆ తర్వాత జబ్బు లేని మందలన్నీ కొండ మేతకి వెళ్తాయి. ఇక నాలుగు నెలలు ఊళ్ళో పలకరించడానికి మనిషి దొరకడు.

మధ్యాహ్నానికి పక్క కంచె ఆవిడ మందలోనూ చొంగ కనిపించింది. ఆవిడ భర్త పోయి మూడేళ్ళు. ఒంటి చేత్తో మందని నెట్టుకొస్తోంది. ఈ రెండు మందలకీ కంచె దగ్గర నీళ్ళతొట్టి ఒకటే. డాక్టరు వచ్చి చూసి గాలికుంటేనని చెప్పాడు. నాలుగింటికి తూకం షెడ్డులో ఊరు కూడింది.

పెద్దాయన చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని వెళ్ళాడు. నిలబడి మాట్లాడాడు. సుత్తి ఎన్ని ఊళ్ళు తిరుగుతాడో చెప్పాడు. ఏ ఊరి పెంట ఏ ఊరికి మోస్తాడో ఎవరికి తెలుసన్నాడు. కాబోయే అల్లుడైనా సరే, కట్టుబాటు కట్టుబాటే అన్నాడు. ఆ మాటకి నలుగురూ తలలు ఊపారు. కాబోయే అల్లుణ్ణే వదల్లేదంటే ఎంత ధర్మాత్ముడో అన్నట్టు.

సుత్తి షెడ్డు బయట నిలబడ్డాడు. "నేను ప్రతి గేటు దగ్గరా బూట్లు సున్నంనీళ్ళలో ముంచాను," అన్నాడు. అంతే అన్నాడు.

పక్క కంచె ఆవిడ లేచింది. "అన్నయ్యా, మీరు సంతలో దూడల్ని కొన్నారు కదా. అవి దూరపు దొడ్డిలో మూడు వారాలూ ఉన్నాయా?"

"కట్టుబాటు పెట్టినవాణ్ణే అడుగుతున్నావా అమ్మా?"

"అడగాలి కదా అన్నయ్యా. వదినా, నీళ్ళు నువ్వే మోశావు కదూ?"

"ఆవిడ కాక నేను మోస్తానా బిందెలు?" అన్నాడు పెద్దాయన. షెడ్డులో నవ్వులు లేచాయి.

అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆవిడ కాదనలేదు. అవుననీ అనలేదు. పమిట చెంగుతో చేతులు తుడుచుకుంది. పొద్దుట ఎర్రావు నోట్లో పెట్టిన చేతులు. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోయినట్టు లేదు. ఆవిడ కాదనకపోవడమే ఊరికి చాలింది.

ఆ సాయంత్రమే సుత్తి కొలిమి ఇంటి ముందు సున్నం గీత గీశారు. అతను అది దాటకూడదు. మర్నాడు పొద్దుటికి అతని పనిముట్ల బండిని ఎవరో కాలవలోకి తోసేశారు. ఇనుము పెట్టి కొట్టే దాగలి నీళ్ళలో ఉంది, సుత్తులు బురదలో ఉన్నాయి. గీత దాటి వెళ్ళి తెచ్చుకోవడానికి వీల్లేదు. పిట్ట మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి ఒక్కొక్కటీ ఏరి, గీత ఇవతల పెట్టింది. గట్టు మీద ఇద్దరు ముగ్గురు నిలబడి చూశారు. సాయం రాలేదు.

శుక్రవారం పక్క కంచె ఆవిడ దూడలు పోవడం మొదలైంది. గుంట తీసి సున్నం చల్లి పూడ్చారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా పెద్దమ్మ వంటింట్లోకి ఆ కంపు వచ్చేది. కిటికీలు మూసినా వచ్చేది. పెద్దాయన రోజూ కంచె దాకా వెళ్ళి ఆవిణ్ణి ఓదార్చి వచ్చేవాడు. వచ్చి చేతులు కడుక్కుని భోజనానికి కూర్చునేవాడు. "పాపం, కుమిలిపోతోంది," అని, "ఇంకాస్త వడ్డించు," అనేవాడు.

ముప్ఫై ఏళ్ళు ఆ మనిషి తింటుంటే పక్కన కూర్చుంది పెద్దమ్మ. నమిలేటప్పుడు దవడ చప్పుడవుతుందని ఇప్పుడే తెలిసింది. గిన్నె అక్కడ పెట్టి లేచి వెళ్ళిపోయేది.

పై వారం ఆదివారం పొద్దున పెద్దాయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. సాయంత్రం మళ్ళీ తూకం షెడ్డులో కూడుతున్నారు. పక్క కంచె ఆవిడ పట్టుబట్టింది. సుత్తి ఊరు విడిచి పోవాలి, మళ్ళీ రాకూడదు.

"ఆ అబ్బాయిని వెళ్ళగొడతారా?" అంది పెద్దమ్మ.

"నేను వెళ్ళగొట్టడమేంటి? ఊరు అడుగుతోంది."

"ఊరికి మీరేం చెబుతారు?"

"ఊరి మాటే నా మాట అంటాను." బ్లేడు కడిగాడు. "ఒకందుకు మంచిదే. పిల్లకి బుద్ధొస్తుంది. మంద ఉన్నవాణ్ణి చూద్దాం."

పెద్దమ్మ చేతిలో ఉన్న గుడ్డని బల్ల మీద పెట్టింది.

"అయితే భయపడి ఆ మాట అనలేదన్నమాట మీరు. నేను ఇన్నాళ్ళూ భయపడ్డారనుకున్నాను. మనిషన్నాక భయం ఉంటుందిలే, పరువు పోతుందని నోరు జారారులే అని సర్దుకున్నాను. అంత రోగంలోనూ లాభం చూసుకున్నారు మీరు."

"గట్టిగా అరవకు."

"అరవట్లేదు. ఆ దూడల్ని మందలో కలిపింది మీరు. అదే తొట్టిలో వాటిచేత నీళ్ళు తాగించింది మీరు. పక్కింటి పశువుల్ని చంపి, వాళ్ళింటికే పోయి ఓదార్చి, వచ్చి ఇంకాస్త వడ్డించమంటున్నారు. పుండు పడ్డ నోట్లో చెయ్యి పెట్టాను గానీ, నాకింత రోత పుట్టలేదు."

"నువ్వేం తక్కువ తిన్నావు?" అన్నాడు పెద్దాయన. సగం గడ్డం నురగలోనే ఉంది. "ఆవిడ అందరి ముందూ అడిగింది. నువ్వు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చున్నావు. ఇవాళొచ్చి నీతులు!"

పెద్దమ్మ బల్ల మీది గుడ్డని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

గుమ్మంలో బకెట్టు నేలకి తగిలిన చప్పుడైంది. పిట్ట నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"దూరపు దొడ్డిలో ఉంచలేదా?" అని అడిగింది.

"నువ్వు లోపలికి పో," అన్నాడు తండ్రి.

"అమ్మా, నిన్నడుగుతున్నాను. కాలవలో దిగి సుత్తులు ఏరుకుంటుంటే పొడి బట్టలు తెచ్చిచ్చావు చూడు. అప్పటికి నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే కాళ్ళు తుడిచావా?"

పెద్దమ్మ ఆ పిల్ల వైపు ఒక అడుగు వేసింది. పిట్ట వెనక్కి జరిగింది.

"ముట్టుకోకు. నాన్న అబద్ధమాడాడు. నువ్వు కమ్మగా ఊరుకున్నావు. రెండింట్లో ఏది చూస్తే ఎక్కువ కంపరంగా ఉందో నాకు తెలియట్లేదు." గోడకి తగిలించిన సంచీ తీసుకుంది. "వాళ్ళు అతన్ని పొమ్మంటే నేనూ పోతున్నాను. మీరిద్దరూ ఉండండి. బాగా కుదిరారు ఒకళ్ళకొకళ్ళు."

వీధి గేటు వేసుకుని వెళ్ళిపోయింది. కొలిమి ఇంటి గీత దగ్గరికి వెళ్ళి, ఇవతలే కూర్చుందని తర్వాత తెలిసింది.

పెద్దమ్మ భర్త వైపు తిరిగింది. "సాయంత్రం మీరే చెప్పండి. మీ నోటితో మీరు చెబితే నేను మీ పక్కనే నిలబడతాను. చెప్పకపోతే నేను చెబుతాను, అప్పుడు ఎక్కడ నిలబడతానో నాకు తెలీదు."

ఆయన మిగతా సగం గడ్డం గీసుకున్నాడు.

సాయంత్రం షెడ్డు నిండింది. తూకం తాత కాటా పక్కన తన కుర్చీలో కూర్చున్నాడు. ఊళ్ళో పెద్దాయన్ని 'ఏరా' అనగలిగేది ఆయన ఒక్కడే. పక్క కంచె ఆవిడ లేచి నాలుగు మాటలు చెప్పింది. పోయిన దూడల్ని వేటికవి పేరు పెట్టి చెప్పింది. ఆఖరి పేరు సగంలో ఆపి కూర్చుండిపోయింది.

"ఏరా, నువ్వేమంటావు?" అన్నాడు తాత.

పెద్దాయన లేచాడు. భార్య వైపు చూడలేదు. "ఊరి మాటే..." అన్నాడు.

"దూరపు దొడ్డికి నేను నీళ్ళు మోయలేదు," అంది పెద్దమ్మ.

కూర్చునే అంది. వెనక వరసలో వాళ్ళకి వినపడలేదు. లేచి నిలబడి మళ్ళీ చెప్పింది.

"అక్కడ పశువు లేదు. కంచె పడిపోయి ఉంది, వెళ్ళి చూసుకోండి. దూడల్ని తెచ్చిన సాయంత్రమే మందలో కలిపాం. జబ్బు మా ఇంట్లో మొదలైంది. ఆ అబ్బాయి తేలేదు, మా ఇంటికొచ్చాడు కాబట్టి అతని మీద పెట్టాం."

పక్క కంచె ఆవిడ లేచి పెద్దమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆ మంగళవారం నిన్నడిగాను కదా వదినా."

"అడిగావు."

"అప్పుడే చెప్పి ఉంటే ఆ తొట్టి వదిలేసేదాన్ని. వాటిని వేరే నీళ్ళకి తోలేదాన్ని. రెండైనా బతికేవి."

"బతికేవేమో."

ఆవిడ నేల మీద ఉమ్మేసి, బయటికి వెళ్ళిపోయింది.

"ఆవిడ చెప్పింది నిజమేనట్రా?" అన్నాడు తూకం తాత.

పెద్దాయన నోరు తెరిచాడు, మూశాడు. కాదనడానికి వెతుక్కుంటున్నాడని పెద్దమ్మకి అనిపించింది. అప్పుడు ఆయన కళ్ళు షెడ్డు గుమ్మం మీద పడ్డాయి. పిట్ట అక్కడ నిలబడి ఉంది. దుమ్ము కాళ్ళతో, సంచీ భుజాన వేసుకుని.

"నిజమే బాబాయ్," అన్నాడు.

"మరి కట్టుబాటు?"

"మా గేటు మూస్తాం."

"గేటు మూస్తే సరిపోతుందా? ఆ కుర్రాణ్ణి పెంట మోసేవాడన్నావు. పెంట ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది." తాత కుర్చీలోంచి లేవకుండానే చేత్తో గుమ్మం చూపించాడు. "పో ఇంటికి. ఇంకెవరింటికీ పోకు."

ఆ సాయంత్రం కొలిమి ఇంటి ముందు గీత చెరిపేశారు. పెద్దాయన గేటు ముందు గీశారు.

లోపల మొగుడూ పెళ్ళామూ, జబ్బుపడ్డ మందా మిగిలారు. పని నడుము ఎత్తనివ్వలేదు. గిట్టల మధ్య పుండ్లలో పురుగులు పడకుండా రోజూ కడగాలి. నోళ్ళు ఉప్పునీళ్ళతో కడగాలి. మేత నమలలేని వాటికి గంజి పోయాలి. సంత దూడలన్నీ పోయాయి. పెద్దాయనే గుంటలు తవ్వాడు, సాయం పిలవడానికి మనిషి లేడు. పెద్దమ్మ పనిలో అవసరమైన మాటలే మాట్లాడింది. తాడు పట్టుకోండి. తల ఎత్తండి. వదలండి.

ఒక మధ్యాహ్నం ఆయన ఎర్రావు గిట్ట ఒళ్ళో పెట్టుకుని చీము తుడుస్తున్నాడు. మోచేతుల దాకా కారుతోంది.

"నన్ను చూస్తే నీకు రోతగా ఉందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఉంది."

"పోతుందా?"

"నా మీద నాకున్నదే పోలేదు, మీ సంగతి ఎక్కడ చెప్పను? ఆ కాలు గట్టిగా పట్టుకోండి, తన్నుతుంది."

ఆయన గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి ఆవిడ చూస్తే ఆయన భుజాలు కదులుతున్నాయి. ఆవు కాలు మాత్రం వదల్లేదు. పెద్దమ్మ తన తడి చెయ్యి ఆయన వీపు మీద పెట్టింది. వెంటనే తీయలేదు.

మర్నాడు ఆయన ఉమ్మడి తొట్టి దగ్గర కంచె ఇవతల నిలబడి పక్క కంచె ఆవిణ్ణి పిలిచాడు. ఆవిడ రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు వచ్చింది. ఆయన ఏం చెప్పాడో పెద్దమ్మకి వినపడలేదు. ఈయన మందలో ఈసారి పుట్టే పెయ్యలు ఆవిడవని మాట ఇచ్చినట్టు తర్వాత తెలిసింది. సుత్తికి మాత్రం కబురు పంపడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

కబురు అటు నుంచే వచ్చింది. నెలాఖరున సుత్తీ పిట్టా వీధి మధ్య నిలబడి గేటు లోపలికి కేకేశారు. పెద్దాయన గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

"ఎల్లుండి పెళ్ళి," అంది పిట్ట. "వాయిదా వేస్తే ఊరంతా కొండెక్కిపోతుంది. ఇక్కడే, ఈ రోడ్డు మీద పెట్టుకుంటున్నాం."

"ఇక్కడా? మా గేటు ముందా?" అంది పెద్దమ్మ.

"మీరు బయటికి రాలేరు, నేను లోపలికి రాలేను. ఇంకెక్కడ పెట్టమంటావు?" అంది పిట్ట. "కోపం పోలేదమ్మా. కానీ మీరు చూడకుండా చేసుకోలేను."

పెద్దాయన సుత్తి వైపు చూశాడు. "బాబూ, నేను..." అని ఆగిపోయాడు.

సుత్తి కొట్టం వైపు చూస్తున్నాడు. "మావయ్యా, గుర్రం ముందు కాలు ఎత్తి పెడుతోంది. లాడం వదులైనట్టుంది," అన్నాడు. "డాక్టరు గేటు తెరవనిచ్చాక వస్తాను."

అతను ఆయన్ని మావయ్యా అని పిలవడం అదే మొదలు.

పెళ్ళి మధ్యాహ్నం పన్నెండింటికి రోడ్డు మీద జరిగింది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి ఇక్కడికి వచ్చారు. వీధిలో బల్లలు వేశారు. సున్నం గీతకి అవతల ఊరు నిలబడింది, ఇవతల కంచె లోపల తల్లిదండ్రులు నిలబడ్డారు. ఉతికిన బట్టలు కట్టుకున్నారు. పిట్ట గీత దాకా వచ్చి తల్లిని చూసి ఏడ్చింది. పెద్దమ్మ తీగ పట్టుకుని ఏడ్చింది. మధ్యలో చేతికందనంత దూరం ఉంది.

తూకం తాత కుర్చీతో సహా వచ్చాడు. "ఒరేయ్, ఒక్క అడుగు బయట పెట్టరా. కన్నకూతురి పెళ్ళి. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి వెళ్ళు. ఎవడు కాదంటాడు?"

గేటు గడియ లోపలి వైపే ఉంది. పెద్దాయన దాని మీద చెయ్యి వేశాడు. ఊరు చూస్తోంది. పెద్దమ్మా చూసింది.

"వద్దు బాబాయ్. డాక్టరు ఇంకా రాలేదు," అని చెయ్యి తీసేశాడు.

భోజనాలు మొదలయ్యాక పక్క కంచె ఆవిడ రెండు పళ్ళేలు పట్టుకుని గీత దాటింది. ఎవరో వద్దని అరిచారు.

"మా మందకీ అదే జబ్బు. నాకు కొత్తగా అంటేదేముంది?" అంది వెనక్కి తిరక్కుండా. పళ్ళేలు గేటు సందులోంచి లోపలికి తోసింది. "పళ్ళేలు తిరిగివ్వకు వదినా. లోపలికి వెళ్ళినవి బయటికి రాకూడదు."

బూట్లు సున్నంనీళ్ళలో ముంచి వెళ్ళిపోయింది.

మూడింటికి బల్లలు ఎత్తేశారు. అప్పటిదాకా పెద్దాయనా, పెద్దమ్మా గేటు లోపలే ఉన్నారు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి తిన్నారు.